పొలమమ్మి పడవ

పొలమమ్మి పిల్లల్ని చదివించే తండ్రుల్ని మనమెరుగుదుం. పొలమమ్మి పడవ కొన్నవాణ్ణి ఏమనాలి? ఇంగ్లండులో పాడిరైతు, ఒకప్పటి నావికుడు డూగల్ రాబర్ట్‌సన్ అదే చేశాడు. ప్రపంచమే పిల్లలకు బడి కావాలని 1971లో కుటుంబంతో ‘లూసెట్’ అనే తెరచాప పడవెక్కాడు. 1972 జూన్ 15న పసిఫిక్‌లో తిమింగలాలు ఢీకొట్టి పడవ మునిగింది. అందులోని ఆరుగురూ 38 రోజులు వాననీటితో, తాబేలు మాంసంతో బతికారు. చివరికి జపాను చేపల ఓడ కాపాడింది.

“పిచ్చి!” అంటారు మనవాళ్లు. నిజమే, పిల్లల ప్రాణాలు పందెం కాసే హక్కు ఏ తండ్రికీ లేదు. కానీ ఆయన పిల్లల్ని పంపి ఊరుకోలేదు, తనూ ఎక్కాడు. మన పెద్దలో? ఒడ్డున నిలబడి “ఇంజనీరువి కా, డాక్టరువి కా” అని తోసేవాళ్లే ఎక్కువ. తోసేవాడికన్నా తోడెక్కేవాడు మేలు కాదా, మిత్రులారా?