మౌనము సంతకమగునా?

1962వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీ యానాము చరిత్రయందొక విచిత్రమైన దినము. ఆ నాడు తెల్లవారునప్పటికి ఇండ్లు మాఱలేదు, వీధులు మాఱలేదు, గౌతమీ గోదావరి తన త్రోవను దాను పోవుచునే యుండెను. కాని ముందటి రాత్రి శాసనదృష్టిచే ఫ్రెంచి జాతీయులుగా నిదురించినవారు మఱునాడు భారతీయులుగా మేల్కాంచిరి. 1954 జూన్ 13న యానాము ఫ్రెంచి పాలననుండి విడివడెను. ఆ సంవత్సరముననే నవంబరు 1న పాలనాధికారము భారత ప్రభుత్వమునకు సంక్రమించెను. 1956 మే 28న న్యూఢిల్లీలో నుభయ ప్రభుత్వములును అప్పగింత ఒడంబడికపై సంతకములు చేసెను. అది యుభయత్ర ఆమోదము పొంది యమలులోనికి వచ్చుటకు మఱి యాఱేండ్లు పట్టినది. 1954 మొదలు 1962 వఱకు యానాము ప్రజలు జెండా యొకటియు జాతీయత మఱియొకటియుగా బ్రదికిరి.

ఆ ఒడంబడిక పౌరసత్వమునుగూర్చి యేమి చెప్పినదో నేటి మన యువకులలో పెక్కండ్రెఱుగరు. ఫ్రెంచి స్థావరములయందు జన్మించి, 1962 ఆగస్టు 16వ తేదీన అచ్చటనే నివాసమున్న ఫ్రెంచి జాతీయులు భారతీయులగుదురనుట సాధారణ నియమము. ఫ్రెంచి జాతీయతనే నిలుపుకొనగోరువారు ఆఱు మాసములలోపల వ్రాతమూలకముగా ప్రకటన చేయవలెను. అట్లు చేసినవారు భారత జాతీయతను ఎన్నడును పొందనివారుగనే యెంచబడుదురు. ఇక నాటికి భారతదేశమునకును ఆ స్థావరములకును వెలుపల నివసించుచున్నవారికి నియమము తలక్రిందులైనది. వారు ఫ్రెంచివారుగనే యుందురు. భారతీయులు కాగోరినచో నాఱు మాసములలోపల భారతాధికారుల సమక్షమున సంతకము చేయవలెను.

ఒకే తల్లి కడుపున, ఒకే యింట యానాములో జన్మించిన యన్నదమ్ముల నిద్దఱిని పాఠకులు ఊహింతురు గాక. అన్న యూరనే యుండి వ్యవసాయము చేసికొనుచున్నాడు. తమ్ముడు ఉద్యోగార్థమై సముద్రము దాటి పోయినాడు. ఇద్దఱును ఏ కాగితముమీదను సంతకము చేయలేదు, ఏ కచేరీ మెట్లును ఎక్కలేదు. 1963 ఫిబ్రవరిలో గడువు తీఱునప్పటికి అన్న భారతీయుడు, తమ్ముడు ఫ్రెంచివాడు. ఇద్దఱి మౌనమొక్కటియే, ఫలములు మాత్రము రెండు! మౌనమర్ధాంగీకారమని మన పెద్దలు చెప్పిరి. ఈ ఒడంబడిక దానిని పూర్ణాంగీకారముగనే స్వీకరించినది. మీదుమిక్కిలి, దేనికంగీకారమో కూడ తానే నిర్ణయించినది.

యానాము భారతదేశమున చేరుట తప్పని మేము చెప్పుటలేదు. అది న్యాయము, ప్రజలభీష్టము. యానాములో నివసించిన యధికసంఖ్యాకులకు ఆ సాధారణ నియమము సమ్మతమే యై యుండును. మా ప్రశ్న వేఱు. ఒక మనుష్యుడు ఒక దేశమును విడిచి వేఱొక దేశమునకు చెందుట వంటి మహత్కార్యము, అతడు మాటాడకయే, తెలియకయే జరిగిపోవుట తగునా?

తెలియకయే యని యూరక యనలేదు. ఆ ప్రకటనలు రెండు ప్రతులుగా నుండవలెననియు, ఒకటి ఫ్రెంచిభాషయందును రెండవది ఇంగ్లీషునందును ఉండవలెననియు ఒడంబడికయందే వ్రాయబడినది. పుదుచ్చేరి, కారైకాల్ వాసుల తమిళమునకు గాని, మాహే వాసుల మలయాళమునకు గాని, యానాము వాసుల తెలుగునకు గాని యందు తావులేదు. తన జాతీయతను నిర్ణయించు కాగితమును తాను చదువుకొనలేని గృహస్థు ఎవనినడుగును? వ్రాయసకానినో, గుమాస్తానో, పొరుగింటి చదువరినో యడుగవలెను. వాడు చెప్పినదే శాసనము, వాడు చూపిన చోటనే సంతకము. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెతకు కచేరీలకంటె మంచి యుదాహరణము దొఱకదు.

ఆ ఒడంబడికయందు మెచ్చదగిన యంశములును లేకపోలేదు. భర్త చేసిన యెన్నిక భార్య జాతీయతను బాధింపదని యది స్పష్టముగ చెప్పినది. ఇది సామాన్యమైన యౌదార్యము కాదు. అంతకు పూర్వము 1881 సెప్టెంబరు 21 నాటి ఫ్రెంచి శాసనము క్రింద, ఫ్రెంచి ఇండియాలోని మనుష్యుడు తన కులమతాచారములకు సంబంధించిన స్వీయ ధర్మమును పరిత్యజించి ఫ్రెంచి సివిలు స్మృతికి లోబడుట కవకాశముండెను. అది యొక యధికారి యెదుట చేయు సంతకము. దానితో నతడొక క్రొత్త యింటిపేరు పెట్టుకొనెడివాడు. ఆ పరిత్యాగము భార్యను మైనరు బిడ్డలను కూడ బంధించును, మఱల వెనుకకు తీసికొనుటకు వీలులేదు. దానితో పోల్చినచో 1956 నాటి ఒడంబడిక మేలైనదే. పదునెనిమిదేండ్లు నిండని యవివాహితులైన బిడ్డలు తండ్రి ప్రకటన ననుసరింపవలెనని చెప్పినను, తలిదండ్రుల నిర్ణయముచే ఫ్రెంచివారుగా మిగిలిన బిడ్డలు పదునెనిమిదవ యేడు నిండిన పిమ్మట ఆఱు మాసములలో భారతీయత నెన్నుకొనవచ్చునని యొక వాకిలి తెఱచి యుంచినది.

కాని వాకిలి యున్నదని లోనివారికి తెలియకున్న నా వాకిలివలన ప్రయోజనమేమి? పదునెనిమిదేండ్ల పడుచువానికి తన జన్మదినము జ్ఞాపకముండును గాని, తన తండ్రి యెన్నడో సంతకము చేసిన పత్రమునుబట్టి తనకొక గడువు నడచుచున్నదని యెవరు చెప్పుదురు?

పత్రమును నిర్లక్ష్యము చేసిన దాని ఫలము ఒక తరముతో పోదు. ఫ్రెంచి సివిలు స్మృతియందొక నియమము కలదు. ఫ్రాన్సు వెలుపల నొక కుటుంబము ఏబదియేండ్లకు పైగా నివసించి, ఆ కాలమున తాను గాని తన తలిదండ్రులు గాని ఫ్రెంచి పౌరులుగా మెలగిన యాధారములు చూపలేనివాడు, వంశపారంపర్యముచే తాను ఫ్రెంచివాడనని ఋజువు చేయుటకే యర్హుడు గాడు. 1962 నుండి లెక్కించినచో నా యేబదియేండ్లు 2012తో నిండినవి. తాతగారి పెట్టెలో నొక పసుపువన్నె కాగితము దొఱకినదని సంతోషించు మనుమడు, ఆ కాగితమునకు కాలదోషము పట్టియుండవచ్చునని గుర్తింపవలెను.

ఇది యానాముతో ముగిసిన పాతకథ యని యెవరైన ననుకొందురేమో! నేడు తెలుగువారి యిండ్లలో అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, సింగపూరులోనో బిడ్డలు లేని యిండ్లు తక్కువ. 2022వ సంవత్సరమొక్కదానిలోనే 2,25,620 మంది భారతపౌరసత్వమును విడిచిరని ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. అందు ప్రతి సంఖ్య వెనుకను ఒక దరఖాస్తు, ఒక రుసుము, ఒక రద్దయిన పాసుపోర్టు, ఒక తల్లి నిట్టూర్పు కలవు. భారత రాజ్యాంగము ద్విపౌరసత్వము నంగీకరింపదు. 1955 నాటి పౌరసత్వ చట్టములో విడిపోవుటకు రెండు త్రోవలున్నవి. 8వ నిబంధన ననుసరించి, వయస్సు నిండిన పౌరుడు తానే పరిత్యాగ ప్రకటన చేయవచ్చును. అది రిజిష్టరయిన క్షణమున నతడు భారతీయుడు కాకుండ పోవును, అతని మైనరు బిడ్డలును పోవుదురు. కాని యా బిడ్డలు వయస్సు నిండిన యొక సంవత్సరములోపల ప్రకటన చేసి భారత పౌరసత్వమును మఱల పొందవచ్చును. 9వ నిబంధన వేఱు. స్వేచ్ఛగా అన్యదేశ పౌరసత్వమును పొందినవాడు ఏ ప్రకటనయు చేయకయే, ఆ క్షణముననే భారతపౌరుడు కాకపోవును. తరువాత నతడు పాత పాసుపోర్టు నప్పగించి ధ్రువపత్రము తీసికొనుట జరిగిపోయినదానిని నమోదు చేయుట మాత్రమే.

సామాన్యునికి రెండును ఒక్కటిగనే తోచును. పాసుపోర్టు ఇచ్చివేసితిమి, కాగితము తెచ్చుకొంటిమి, పని ముగిసినది! కాని ముగియలేదు. 1998లో సింగపూరు పౌరసత్వమును పొందిన దంపతులకు తరువాతి సంవత్సరమున కుమారుడు కలిగెను. ఆ కుమారుడు పెద్దవాడై 8వ నిబంధన ననుసరించి భారతీయత నడిగెను. మద్రాసు హైకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పెను. 2024 అక్టోబరులో సుప్రీముకోర్టు దానిని త్రోసివేసెను. తలిదండ్రుల పౌరసత్వము పోయినది 9వ నిబంధన వలన గాని 8వ దాని వలన గాదనియు, కావున 8వ నిబంధన తెఱచిన వాకిలి యా కుమారునికి లేదనియు తీర్పు సారాంశము. శాసనమును ఉన్నది యున్నట్లు చదువుటలో న్యాయస్థానము తప్పేమియు లేదు. తప్పున్నచో శాసనముననే యున్నది. కాగితము ముందు వచ్చెనా, క్రొత్త పౌరసత్వము ముందు వచ్చెనా యను దానిపై బిడ్డ హక్కు ఆధారపడుట విపరీతము కాదా?

ఈ ముందువెనుకల చిక్కు వేఱొక రూపమున నింకను క్రూరముగ నుండును. భారతీయులు కాగోరు అన్యదేశీయులు తమ పాత పౌరసత్వమును విడిచినట్లు ఋజువు చూపవలెను. కేరళ హైకోర్టు ముందునకు వచ్చిన యొక వ్యాజ్యమున, పాకిస్తాను జాతీయులైన యక్కచెల్లెండ్రిద్దఱు పాసుపోర్టులు అప్పగించిరి. కాని యిరువదియొక్క యేండ్లు నిండనివారికి పరిత్యాగము చెల్లదను కారణమున వారి దేశమువారు పరిత్యాగ పత్రము నీయలేదు. ఆ పత్రము లేనిదే భారతపౌరసత్వము నీయుటకు వీలులేదని 2024లో ధర్మాసనము నిర్ణయించెను. పాసుపోర్టు పోయినది, పత్రము రాలేదు. రెంటికి చెడ్డ రేవడి యన్న సామెత యిచట హాస్యము కాదు, రెండు జీవితముల యథార్థస్థితి.

ప్రభుత్వముల పక్షమున నొక సమాధానము వినబడును. శాసనమునకు గడువు కావలెను, సాధారణ నియమమొకటి యుండక తప్పదు, లక్షలమందిని ఇల్లిల్లు తిరిగి యడుగుట సాధ్యము కాదు అని. ఇందు కొంత సత్యము కలదు. సరిహద్దు మాఱినప్పుడు ఎవడెవని పౌరుడో తేల్చకుండ నూరక విడిచినచో నంతకంటె పెద్ద యనర్థము కలుగును. కాని పన్ను కట్టనివానికి తాకీదు పంపు ప్రభుత్వము, ఓటర్ల జాబితాకై యింటింటికి మనిషిని పంపు ప్రభుత్వము, పౌరసత్వము పోవుచున్నదని యొక్క తాకీదు పంపలేదా? అశక్యమని చెప్పబడునది తఱచుగా అనాదరమే.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, పౌరసత్వ సంబంధమైన ప్రతి ప్రకటన పత్రమును, దాని ఫలములను వివరించు సూచనలతో సహా, ప్రజల భాషలయందు ముద్రింపవలెను. తెలుగువాడు తెలుగున చదివి సంతకము చేయవలెను. రెండవది, క్రొత్త పత్రము చేతికి వచ్చువఱకు పాత పౌరసత్వము నిలిచియుండునట్లు నియమము లేర్పడవలెను. పరదేశము పత్రము నిరాకరించినచో దరఖాస్తుదారుని ప్రమాణ పత్రమును స్వీకరించు నధికారము మన యధికారులకుండవలెను. మూడవది, తలిదండ్రులు 8వ నిబంధన వలన విడిచినను, 9వ నిబంధన వలన కోల్పోయినను, బిడ్డలకు వయస్సు నిండిన పిమ్మట ఒకే విధమైన యవకాశముండునట్లు పార్లమెంటు చట్టమును సవరింపవలెను. నాలుగవది, యానామునకు సంబంధించిన ఫ్రెంచి పాలనాకాలపు జనన వివాహ మరణ లేఖ్యములకు తెలుగు అనువాదములు ధ్రువీకరించి స్థానికముగనే యిప్పింపవలెను. పుదుచ్చేరికి యానాము పరిపాలనలో దగ్గఱ కావచ్చును గాని, త్రోవలో ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరము.

ప్రభుత్వములు మేల్కొనులోపల మన జాగ్రత్తలో మనముండుట మంచిది. పాసుపోర్టు అప్పగించుటకు ముందు ప్రతి పుటకును నకలు తీసికొనుడు. అప్పగింత ధ్రువపత్రమును భూమి దస్తావేజువలె భద్రపఱచుడు. పేరు ప్రతి కాగితమునందును ఒకే తీరుననున్నదో లేదో చూచుకొనుడు. మనము ఒక్క ఉకారముగా పలుకు ధ్వనిని ఇంగ్లీషు వ్రాయసకాడు ఒక యక్షరముతోను, ఫ్రెంచి వ్రాయసకాడు రెండక్షరములతోను వ్రాయును. మన యింటిపేరు ముందు వచ్చును, వారి యింటిపేరు వెనుక వచ్చును. ఇంత చిన్న భేదమునకే తాతయు మనుమడును ఒకే వంశమువారు కారని కచేరీలు సందేహించిన సందర్భము లుండును. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ నిబంధన ననుసరించి సంతకము చేయుచున్నామో, బిడ్డలకు దానివలన నేమగునో యడిగి తెలిసికొన్న పిమ్మటనే కలము పట్టుడు. బిడ్డలు పదునెనిమిదేండ్ల వారైన దినమున ఆ సంగతి వారికి చెప్పుడు.

దేశమును విడుచుట నేరము కాదు, దేశమును చేరుట యాచన కాదు. రెండును మనుష్యుడు తన నోట తాను చెప్పవలసిన మాటలు. ఆ మాట చెప్పుటకు వానికి భాష నిచ్చి, గడువు నిచ్చి, చెప్పిన దానికి రశీదు నిచ్చుట రాజ్యముల విధి. ఆ విధిని నెఱవేర్పక, పలుకనివాని మౌనమును సంతకముగా లెక్కించు రాజ్యము తన పౌరుని పేరు వ్రాసికొన్నదే కాని, వాని మాట వినలేదు.