హీట్ పంప్ భేష్.. కరెంట్ రేటే అసలు సమస్య! బ్రిటన్‌లో ఏం జరుగుతోంది?

చలికాలం వచ్చిందంటే బ్రిటన్‌లో ఇంటింటా హీటింగ్ బిల్లు టెన్షనే. అక్కడ ఎక్కువ ఇళ్లలో వాడేది గ్యాస్ బాయిలర్లే. వాటిని తీసేసి హీట్ పంపులు పెట్టుకోమంటోంది ప్రభుత్వం. 2028 నాటికి ఏడాదికి 6 లక్షలు బిగించాలని 2020లోనే బోరిస్ జాన్సన్ సర్కార్ టార్గెట్ పెట్టింది. కానీ 2024లో అమ్మకాలు లక్ష కూడా దాటలేదు. ఎందుకిలా?

అసలు హీట్ పంప్ అంటే ఏంటి?

మన ఇంట్లో ఏసీ గదిలోని వేడిని లాగి బయటికి పంపిస్తుంది కదా. హీట్ పంప్ చేసేది సరిగ్గా దీనికి రివర్స్. బయటి గాలి చల్లగా ఉన్నా, అందులోని వేడిని లాగి రేడియేటర్లలోకి వెళ్లే నీళ్లను వేడి చేస్తుంది. అందుకే 1 యూనిట్ కరెంట్‌తో దాదాపు 3 యూనిట్ల వేడి ఇస్తుంది. చలిలో పనిచేయదేమో అన్న డౌట్ అక్కర్లేదు. గడ్డకట్టే చలి ఉండే నార్వేలో సగానికి పైగా ఇళ్లలో ఇవే ఉన్నాయి. కాకపోతే అక్కడ జలవిద్యుత్ పుష్కలం.

బిల్లు దగ్గరే తేడా

2024 అక్టోబర్-డిసెంబర్‌లో రెగ్యులేటర్ ఆఫ్‌జెమ్ పెట్టిన సగటు పరిమితి చూడండి. యూనిట్ కరెంట్ 24.50 పెన్స్, గ్యాస్ 6.24 పెన్స్. అంటే దాదాపు 4 రెట్లు! 90 శాతం సామర్థ్యమున్న బాయిలర్‌తో యూనిట్ వేడికి సుమారు 7 పెన్స్ అయితే, 3 రెట్ల వేడి ఇచ్చే హీట్ పంప్‌తో 8 పెన్స్ దాటుతుంది. 3.5 రెట్లు వస్తే లెక్క సమానం. అంతకు మించితేనే మిగులు. అలా రావాలంటే ఇంట్లో వేడి బయటికి పోకుండా ఇన్సులేషన్, పెద్ద రేడియేటర్లు ఉండాలి. బ్రిటన్‌లో పాత ఇళ్లే ఎక్కువ కాబట్టి ఇదీ ఖర్చే.

సబ్సిడీ ఎవరికి?

ఇంగ్లండ్, వేల్స్‌లో 2023 అక్టోబర్ నుంచి 7,500 పౌండ్ల సాయం ఇస్తున్నారు. కరెంట్ బిల్లుపై పడుతున్న కొన్ని ఛార్జీలను తగ్గిస్తామని 2025 నవంబర్ బడ్జెట్‌లో ప్రకటించారు. అసలు మందు ఇదే. సబ్సిడీ ఒక్కసారే వస్తుంది, బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ సాయానికి అర్హత ఇంటి ఓనర్‌కే. అక్కడ అద్దెకుంటున్న మన స్టూడెంట్లు, ఉద్యోగుల విషయంలో హీట్ పంప్ పెట్టాలా వద్దా అన్నది ఓనర్ నిర్ణయం. బిల్లు కట్టేది మాత్రం చాలాసార్లు వాళ్లే. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు అద్దె ఒక్కటే కాదు, హీటింగ్ దేంతో, ఇన్సులేషన్ ఎలా ఉందో కూడా అడగండి.