పాలీ బుష్ మోజు
చెన్నై శివార్లలోని మహీంద్రా వరల్డ్ సిటీ ప్లాంటులో బీఎండబ్ల్యూ 2007 నుంచి 3 సిరీస్‌ను బిగించి పంపుతోంది. ఆ కారు పాతబడి సెకండ్ హ్యాండ్‌లో మన చేతికొచ్చేసరికి ముందు చక్రాల ఆర్మ్ బుష్‌లు అలిసిపోయి ఉంటాయి. బ్రేకు నొక్కితే స్టీరింగ్ వణుకుతుంది. కింద దూరి చూస్తే చీలిన రబ్బరు లోంచి ద్రవం కారిన మరక. వెంటనే కుర్రాళ్లు పాలీయురేథేన్ (పాలీ) బుష్‌లు వేయించమంటారు. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కైతే సరే, రోజూ ఓఎంఆర్ గుంతల్లో ఆఫీసుకెళ్లే బండికి అంత బిర్రెందుకు? రబ్బరు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుని మెలితిరుగుతుంది. పాలీ దాని మీద జారుతుంది కాబట్టి గ్రీజు కావాలి. కార్తీకం వానల్లో మోకాలి లోతు నీళ్లలో ఈదిందంటే ఆ గ్రీజు కాస్తా పోయి కిర్రుకిర్రు మొదలు. నన్నడిగితే, ద్రవం నింపిన ఆ ఒక్క జత బదులు నిండు రబ్బరుది వేయించండి, మిగతావి కంపెనీవే ఉంచండి. పుదుపేటలో ఊడదీసిన ఆర్మ్ చవగ్గా దొరుకుతుంది గానీ, దాని రబ్బరు వయసు ఎవడికి తెలుసు? బోల్టులు మాత్రం చక్రాలు నేలకానాకే చివరి బిగింపు బిగించమనండి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే కొత్త రబ్బరు మొదటి రోజే మెలికపడి, త్వరగా చిరుగుతుంది. అలైన్‌మెంట్ ఆ తర్వాతే.