రంగస్థలం మీద జరిగే పరిశోధనకు చోటేది?

ఎస్వీ రంగారావు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో బీఎస్సీ చదివారు. నటుడిగా రాటుదేలింది మాత్రం ఈ ఊరి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో. పెద్దాపురం నుంచి వచ్చిన అంజలీదేవి కూడా అక్కడే రంగమెక్కారు. ఆ రిహార్సళ్లలో సంభాషణకు విరుపు ఎలా కుదిరిందో, పాత్రకు నడక ఎలా దొరికిందో రాసిపెట్టినవారు అరుదు. నాటకరంగంలో పీజీ చేసే విద్యార్థులు పూడ్చగల లోటు ఇది. అయితే వాళ్లను మనం గ్రంథాలయానికే పంపుతున్నాం.

కాకినాడ పక్కనే తోలుబొమ్మలాట కుటుంబాలున్న మాధవపట్నం ఉంది. ఆముదపు దీపం పోయి కరెంటు బల్బు వచ్చాక ఆటలో ఏం మారింది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే బొమ్మ పట్టుకోవాల్సిందే. తెరకు ఆనిస్తే రంగులు నిగనిగలాడతాయి, వెనక్కి లాగితే అంచులు చెదిరి నీడ పెరుగుతుంది. దీపం రెపరెపలకు బొమ్మ దానంతటదే కదిలినట్టుండేది. బల్బు వెలుగు నిలకడగా ఉంటుంది కాబట్టి ఆ ప్రాణం ఆటగాడి మణికట్టు నుంచే రావాలి. విద్యార్థి కొన్ని నెలలు గురువు దగ్గర సాధన చేసి, రెండు వెలుగుల్లోనూ ఒకే ఘట్టం ఆడి చూపితే అదే పరిశోధన. దానికి తోడుగా రాసే వ్యాసం ఆ ప్రదర్శనకు వివరణ.

బ్రిటన్, ఆస్ట్రేలియా, ఫిన్లాండ్‌లలో ఇలాంటి ప్రదర్శనను డాక్టరేట్‌లో భాగంగానే లెక్కిస్తారు. మన యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు సిద్ధాంత గ్రంథం చుట్టూనే తిరుగుతాయి. దాంతో నెలల సాధన అనుబంధంలో నాలుగు ఫొటోలుగా మిగిలిపోతుంది.

డబ్బు సంగతి మరీ కష్టం. జేఆర్‌ఎఫ్ వచ్చిన పరిశోధకులకు 2023 నుంచి నెలకు 37 వేల రూపాయలు అందుతున్నాయి, పీజీ విద్యార్థికి ఆ ఆసరా లేదు. హాలు అద్దె, లైట్లు, వాద్యకారుల పారితోషికం ఎవరిస్తారు? నేర్పిన కళాకారుడికి శాలువా కప్పి పంపేస్తే సరిపోదు. ఆయన సహ మార్గదర్శకుడు, గౌరవ వేతనం ఆయన హక్కు. డిగ్రీ లేదన్న సాకూ చెల్లదు. యూజీసీ 2022లో తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ విధానం కళారంగానికీ వర్తిస్తుంది, అందులో విద్యార్హత కన్నా అనుభవానికే పెద్దపీట.

పీజీ స్థాయిలో మార్పుకు ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. ప్రాజెక్టు మార్కుల్లో ప్రదర్శనకు సగం కేటాయించడం, పరీక్షకుడు వీడియోతో సరిపెట్టుకోకుండా మాధవపట్నం వచ్చి ఆట చూడాలనడం, రోజువారీ సాధన పుస్తకాన్నీ మూల్యాంకనంలో చేర్చడం పాఠ్యప్రణాళికా మండలి చేతిలో పనులే. నాటకరంగ శాఖ నడుపుతున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చే విద్యా సంవత్సరం నుంచే వీటిని మొదలుపెట్టవచ్చు.