కొలత గల స్నానమే ఆరోగ్య స్నానం

ధనాన్ని విచ్చలవిడిగా వ్యయం చేసేవారిని గురించి ‘మంచినీళ్లలా ఖర్చు పెడుతున్నాడు’ అని మనవారు అంటూ ఉంటారు. ఊరి చెరువు నిండుగా ఉండి, పెరటి బావిలో చేతికందే లోతున నీరు ఉన్న రోజులలో పుట్టిన మాట అది. నేడు ఎండాకాలం వచ్చిందంటే పట్టణాలలో ఎన్నో కుటుంబాలకు నీళ్ల ట్యాంకరుకు ఇచ్చే సొమ్ము నెలసరి ఖర్చులలో ఒక పద్దుగా మారింది. కాలం మారినా ఆ మాట మారలేదు. ఆ మాట వెనుక ఉన్న అలవాటూ మారలేదు. ఆ అలవాటు అన్నిటికంటె స్పష్టంగా కనిపించే చోటు మన స్నానాల గది.

స్నానాల గదిలో నీరు, విద్యుత్తు ఆదా చేయండి అనగానే చాలామంది దానిని పిసినారితనంగా భావిస్తారు. ‘హాయిగా స్నానం చేయడానికి కూడా లెక్కలేనా?’ అని విసుక్కుంటారు. నా అభిప్రాయం వేరు. ఆయుర్వేదం ఏ విధంగా స్నానం చేయమన్నదో ఆ విధంగా చేస్తే పొదుపు దానంతట అదే సిద్ధిస్తుంది. ఆరోగ్యం కోసం ఒక ప్రయత్నం, ఆదా కోసం మరొక ప్రయత్నం అక్కరలేదు. ఈ వ్యాసంలో నేను మనవి చేయదలచినది ఇంతే.

శాస్త్రం చెప్పిన స్నానం

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయం సూత్రస్థానంలోని దినచర్యాధ్యాయంలో స్నానానికి ముఖ్యమైన స్థానం ఇచ్చారు. స్నానం జఠరాగ్నిని పెంచుతుందని, ఆయుష్షును, బలాన్ని ఇస్తుందని, దురద, మాలిన్యం, అలసట, చెమట, మగత, దప్పిక, మంట వంటి వాటిని పోగొడుతుందని చెప్పారు. వెంటనే ఒక హెచ్చరిక కూడా చేశారు. వేడినీటిని మెడ నుంచి కిందికి పోసుకుంటే బలకరం. అదే నీటిని తలపై పోసుకుంటే జుట్టుకు, కళ్లకు హాని. భోజనం చేసిన వెంటనే, అజీర్ణం, అతిసారం, కడుపు ఉబ్బరం, పడిశం ఉన్నప్పుడు స్నానం పనికిరాదని కూడా అన్నారు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటున్నది. స్నానం అనేది ఎంత ఎక్కువ చేస్తే అంత మేలు అని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు. ఆహారానికి, నిద్రకు, వ్యాయామానికి ఉన్నట్లే దానికీ వేళ ఉన్నది, హద్దు ఉన్నది, ఎవరికి తగదో నియమం ఉన్నది. పొగలు కక్కే నీటిని తలపై నుంచి ధారగా వదిలి పావుగంట సేపు కదలకుండా నిలబడే నేటి షవరు స్నానం ఈ హద్దులను పూర్తిగా దాటిపోయింది.

నా వద్దకు సలహా కోసం వచ్చేవారిలో చలికాలం రాగానే ఒళ్లంతా దురద, కాళ్లు తెల్లగా పొరలు లేస్తున్నాయనే బాధ చెప్పేవారు తక్కువ మంది కాదు. ఏ లేపనం రాసుకోవాలని వారు అడుగుతారు. స్నానానికి ఎంత వేడి నీరు వాడుతున్నారు, ఎంతసేపు చేస్తున్నారు అని నేను ముందు అడుగుతాను. అతివేడి నీరు, దానికి తోడు ఎక్కువగా రుద్దిన సబ్బు చర్మంలోని సహజమైన జిడ్డును కడిగివేస్తాయి. పొడి చర్మం గలవారు గోరువెచ్చని నీటితో కొద్దిసేపే స్నానం చేయాలని ఆధునిక చర్మవైద్యులు కూడా చెబుతున్నారు. స్నానానికి ముందు కాస్త నువ్వులనూనె పట్టించి, సబ్బుకు బదులు పెసరపిండితోగాని సున్నిపిండితోగాని నలుగు పెట్టుకొని, గోరువెచ్చని నీరు పోసుకుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. బోరు నీటిలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో సబ్బు సరిగా నురగ రాదు. ఒంటికి పట్టిన ఆ జిగట పోవడానికి చెంబుల కొద్దీ నీళ్లు గుమ్మరించవలసి వస్తుంది. నలుగుపిండితో ఈ బాధ లేదు. పిండి తూములో పేరుకోకుండా జల్లెడ మూత పెట్టుకుంటే సరిపోతుంది.

ఒక చిన్న లెక్క

మా ఇంటి షవరు కింద ఇరవై లీటర్ల బకెట్టు పెట్టి గడియారం చూశాను. రెండు నిమిషాలలో నిండింది. అంటే పది నిమిషాల స్నానానికి 100 లీటర్లు, ఐదు బకెట్లు. నాకు తెలిసినంతలో ఐదు బకెట్ల నీరు ముందు పెట్టుకొని నిత్యస్నానం చేసే మనిషి లేడు. ధారగా పోయేటప్పుడు కనిపించని ఖర్చు బకెట్టులో నిలిచినప్పుడు కనిపిస్తుంది. పాఠకులు తమ ఇళ్లలోనూ ఈ పరీక్ష చేసి చూడవచ్చు.

ఇక విద్యుత్తు మాట. ఒక యూనిట్ విద్యుత్తు 860 లీటర్ల నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడి చేయగలదు. 25 డిగ్రీలున్న కొళాయి నీటిని ఒంటికి హితమైన 40 డిగ్రీలకు తేవాలంటే ఒక బకెట్టుకు యూనిట్‌లో మూడోవంతుకు కాస్త పైన అవుతుంది. ఆ షవరు స్నానానికి యూనిట్‌న్నరకు మించి అవుతుంది. నలుగురున్న ఇంట్లో రోజూ ఈ తేడా ఐదున్నర యూనిట్లు. చలికాలంలో నెలకు 160 యూనిట్లకు పైమాటే. నీటిలో తేడా రోజుకు 320 లీటర్లు. నెలకు 9,600 లీటర్లు. ఐదువేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు రెండు!

తలంటు రోజున కుంకుడుకాయ రసం పోవడానికి రెండు బకెట్లు కావలసిందే. అందులో తప్పు లేదు. అలాగే షవరును పూర్తిగా మానమని కూడా నేను అనను. నిమిషానికి ఐదారు లీటర్లు మాత్రమే వదిలే షవరు అమర్చుకొని, ఒళ్లు రుద్దుకునేటప్పుడు కట్టివేసి, మొత్తం మీద నాలుగు నిమిషాలకు మించకుండా వాడితే అది ఒక బకెట్టుతో సమానమే. దోషం పరికరానిది కాదు, కొలత లేకపోవడానిది.

గీజరు దగ్గర మెలకువలు

పాతిక లీటర్ల గీజరులో నీరు 25 నుంచి 60 డిగ్రీలకు కాగడానికి సుమారు ఒక యూనిట్ పడుతుంది. రెండు కిలోవాట్ల గీజరైతే అర గంట. ఆ నీటిని చన్నీటితో కలిపి 40 డిగ్రీలకు తెచ్చుకుంటే దాదాపు మూడు బకెట్ల స్నానపు నీరు వస్తుంది. కనుక ఇంట్లో ముగ్గురు ఒకరి తరువాత ఒకరు స్నానం ముగిస్తే ఒక్కసారి కాచినది అందరికీ సరిపోతుంది. ఒకరు ఆరు గంటలకు, ఒకరు ఎనిమిదికి, ఒకరు పదికి వెళితే గీజరు మళ్లీ మళ్లీ కాచవలసి వస్తుంది. రోజంతా స్విచ్చి వేసి ఉంచితే ఎవరూ స్నానం చేయకపోయినా నీరు చల్లారుతూ, తిరిగి కాగుతూ విద్యుత్తును తింటూనే ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆదా పేరిట గీజరును 40 డిగ్రీలకు తగ్గించి, అదే గోరువెచ్చని నీటిని రోజుల తరబడి నిలవ ఉంచడం మంచిది కాదు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలిచిన నీటిలో లెజియోనెల్లా అనే సూక్ష్మజీవి పెరగవచ్చు. అది ఊపిరితిత్తులకు జబ్బు తెస్తుంది. 60 డిగ్రీల వరకు కాచి, కట్టివేసి, చన్నీటితో కలిపి వాడుకోవడమే క్షేమం.

గీజరు తిప్పగానే గొట్టంలో నిలిచిన చన్నీరు ముందు వస్తుంది. దానిని జాలారిలోకి వదలకుండా బకెట్టులో పడితే కలుపుకోవడానికి అదే పనికివస్తుంది. బోరు నీరు వాడే ఇళ్లలో కాచే కడ్డీకి సున్నపు పొర పట్టి వేడి ఆలస్యమవుతుంది. ఏడాదికొకసారి శుభ్రం చేయించాలి. ఎండాకాలంలో డాబా మీది ట్యాంకు నీరే గోరువెచ్చగా ఉంటుంది. అప్పుడు గీజరుతో పనేమిటి? పసిపాప స్నానానికి ఎండలో గంగాళం పెట్టిన మన అమ్మమ్మలకు తెలిసిన విద్య ఇది. సొంత డాబా ఉన్నవారు సూర్యరశ్మితో నీరు కాగే పరికరం పెట్టుకోగలిగితే మరీ మంచిది.

ప్రాణాపాయం లేని పొదుపే పొదుపు. గ్యాసుతో పనిచేసే గీజరును మూసి ఉన్న స్నానాల గదిలో అమర్చకూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. మనిషి తెలియకుండానే స్పృహ తప్పి ప్రాణం కోల్పోవచ్చు. బకెట్టులో కడ్డీ పెట్టి కాచుకునేవారు స్విచ్చి తీసి, ప్లగ్గు ఊడదీసిన తరువాతే నీటిలో చేయి పెట్టాలి.

కనిపించని కారుడు

పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలన్నది మన దేశంలో వాడుకలో ఉన్న ప్రమాణం. అందులో 55 లీటర్లు స్నానానికి, 30 లీటర్లు మరుగుదొడ్డికి అని లెక్క కడతారు. అంటే సగానికి పైగా ఈ రెంటికే. తాగడానికి లెక్కించినది 5 లీటర్లు మాత్రమే!

కనుక మరుగుదొడ్డి తొట్టిని కూడా ఒక కంట కనిపెట్టాలి. రాత్రి పడుకోబోయే ముందు తొట్టిలో కాస్త నీలిమందు కలిపి, పావుగంట పాటు ఎవరూ వాడకుండా చూడండి. కింది నీటిలో నీలిరంగు కనిపిస్తే తొట్టి కారుతున్నట్లే. పదేసి లీటర్లు ఒక్కసారిగా వదిలే పాత తొట్టి అయితే, నీటితో నింపి బిగించిన లీటరు సీసాను లోపల మీటకు తగలకుండా ఒక మూల నిలబెడితే నొక్కిన ప్రతిసారీ ఒక లీటరు మిగులుతుంది. మూడు, ఆరు లీటర్ల రెండు మీటలున్న కొత్త తొట్టికి ఈ ఉపాయం అక్కరలేదు. చిన్న మీటను వాడే అలవాటు ఉంటే చాలు. చుక్కలు కారే కొళాయి కింద ఒక రాత్రి గిన్నె పెట్టి ఉదయం కొలిచి చూడండి. వాషరు మార్చడానికి ఇక వాయిదా వేయరు.

పెరడున్నవారు స్నానపు నీటిని అరటికి, కొబ్బరికి పారించే పాత పద్ధతిని మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఆకుకూరలకు, తులసికి మాత్రం సబ్బు నీరు వద్దు.

మన ఒక్కరి వల్ల ఏమవుతుంది?

‘బిల్లు కడుతున్నాం, వాడుకుంటున్నాం, అయినా నీటిలో అధికభాగం సేద్యానికే పోతుంది కదా, మన బకెట్టు ఎంత?’ అని అడిగేవారున్నారు. సేద్యానికే ఎక్కువ పోతుందన్నది నిజం. కాని ఇంటికి వచ్చే నీరు శుద్ధి చేసినది, ఎత్తి పోసినది, ఆపైన కాచినది. హైదరాబాదునే తీసుకోండి. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. నగరం ఉన్నది సుమారు 1,700 అడుగుల ఎత్తున. కృష్ణ నీరు వంద కిలోమీటర్లకు పైగా గొట్టాలలో నడిచి, వెయ్యి అడుగులకు పైగా ఎక్కి మన కొళాయిలోకి వస్తున్నది. ఏ నష్టమూ లేని యంత్రం దొరికినా, వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు చేర్చడానికి ముప్పావు యూనిట్‌కు పైగా విద్యుత్తు కావాలి. ఊరిలోకి వచ్చిన తరువాత మన మోటారు దానిని మళ్లీ డాబా మీదికి ఎక్కిస్తుంది. అంత శ్రమతో వచ్చిన నీటిని చెంబుతో కొలవడం లోభత్వం ఎలా అవుతుంది?

డబ్బు ఇచ్చేవారికి నీరు ఎలాగో అందుతుంది. మన బోరు లోతు పెరిగినప్పుడు, పక్క బస్తీలోని చేతిపంపు ఎండిపోతుంది. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇళ్లలో అర్ధరాత్రి లేచి బిందెలు పట్టేది ఎక్కువగా ఇల్లాలే. పదిహేను నిమిషాలు షవరు కింద నిలిచే వ్యక్తి తరచుగా ఆమె కాదు. ఈ అన్యాయాన్ని ఇంటి పెద్దలు ఆలోచించాలి.

అయితే పొదుపు భారం బలహీనుల మీద పడరాదు. వృద్ధులకు, బాలింతలకు, పసిపిల్లలకు, కీళ్లనొప్పులున్నవారికి వేడినీరు సుఖం కోసం కాదు, అవసరం కోసం. వారి బకెట్టు తగ్గించకండి. మధుమేహం వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారి నీటిని ఇంట్లో మరొకరు చేతితో చూసి ఇవ్వాలి. లేకుంటే కాలినా తెలియదు. తగ్గించవలసినది ఆరోగ్యవంతులు కొలత లేకుండా వాడే భాగాన్ని.

ఎంత తినాలో ఆకలి చెబుతుంది, ఎంత నిద్రపోవాలో అలసట చెబుతుంది. ఎంత నీరు పోసుకోవాలో చెప్పడానికి మన ఒంట్లో అటువంటి గంట ఏదీ లేదు. అందుకే బకెట్టు, చెంబు అవసరమైనాయి. వాటిని మళ్లీ స్నానాల గదిలోకి పిలుద్దాం. గోరువెచ్చని ఒక బకెట్టు నీరు, గుప్పెడు నలుగుపిండి, కాస్త నూనె చేతిలో ఉంటే ఆరోగ్యవంతుని నిత్యస్నానానికి అంతకు మించి ఏమీ అక్కరలేదు.