ఒక్క బంతి, ఇరవై రెండు సీజన్లు

బిల్ బక్నర్ పేరు చెప్పగానే అమెరికాలో బేస్‌బాల్ ఎరిగినవారి కళ్ళ ముందు ఒకే ఒక దృశ్యం మెదులుతుంది. 1986 అక్టోబరు 25 రాత్రి, న్యూయార్క్‌లోని షే స్టేడియంలో, నేలబారుగా దొర్లివచ్చిన ఒక బంతి అతని కాళ్ళ సందున దూరి వెనక్కు పోతుంది. అతడు వెనుదిరిగి దాని వంక చూస్తాడు. అంతే. బోస్టన్ రెడ్ సాక్స్ ప్రపంచ సిరీస్ పోగొట్టుకున్నది ఆ బంతి వల్లనే అని లోకం తీర్మానించేసింది.

నా మటుకు నాకు ఈ తీర్మానం అన్యాయమే కాదు, కూడికలు తీసివేతలు సరిగ్గా చేయకపోవడం కూడా.

లెక్క చూడండి. సిరీస్‌లో ముందుగా నాలుగు ఆటలు గెలిచినవారిది విజయం. బోస్టన్ అప్పటికే మూడు గెలిచి ఉంది. ఆరవ ఆట, పదవ ఇన్నింగ్, న్యూయార్క్ మెట్స్ మీద 5-3 ఆధిక్యం. మెట్స్‌కు అప్పటికి ఇద్దరు ఔట్, బేసుల మీద ఎవరూ లేరు. ఇక ఒక్క ఔట్ చాలు. అక్కడినుంచి కార్టర్, మిచెల్, నైట్ వరుసగా మూడు హిట్లు కొట్టారు. 5-4 అయింది. బోస్టన్ పిచర్‌ను మార్చింది. కొత్తగా వచ్చిన స్టాన్లీ విసిరిన బంతి ఒకటి అదుపు తప్పి పక్కకు పోయింది, మిచెల్ పరుగెత్తుకొచ్చాడు, 5-5. ఆ తరువాత గదా మూకీ విల్సన్ కొట్టిన బంతి బక్నర్ వైపు దొర్లింది! అంటే బంతి అతని దగ్గరకు చేరేసరికే ఆధిక్యం హరించుకుపోయింది. పట్టుకొని ఔట్ చేసి ఉంటే ఆట పదకొండవ ఇన్నింగ్‌కు వెళ్ళేది, అంతకు మించి ఏమీ కాదు. పైగా సిరీస్ ఆ రాత్రితో ముగియనూ లేదు. అక్టోబరు 27న ఏడవ ఆటలో బోస్టన్ 3-0 ముందుండి కూడా 8-5తో ఓడింది. ఆ ఆటలో బక్నర్ రెండు హిట్లు కొట్టాడన్న సంగతి ఎవరికి జ్ఞాపకం?

అసలు ఆ పాదాలతో అతడు అక్కడ ఎందుకు నిలబడ్డాడన్నది మరొక ప్రశ్న. బక్నర్ మొదట లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌లో బయటి మైదానం ఆటగాడు, మంచి పరుగరి. 1974లో 31 బేసులు దొంగిలించాడు (దొంగతనం ఆ ఆటలో గౌరవప్రదమైన విద్య). ఆ ఏడాది ఏప్రిల్ 8న హాంక్ ఆరన్ తన 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్‌ను దాటినప్పుడు, ఆ బంతి కోసం లెఫ్ట్ ఫీల్డ్ కంచె ఎక్కినవాడు బక్నరే. మరుసటి ఏడాది బేస్‌లోకి జారుతూ చీలమండను గాయపరచుకున్నాడు. శస్త్రచికిత్సలు, ఇన్‌ఫెక్షన్, ఆపైన పదిహేనేళ్ళ కుంటు. పరుగెత్తలేనివాడికి తావు ఇవ్వగలిగిన చోటు మొదటి బేస్. 1977లో షికాగో కబ్స్‌కు వెళ్ళినది మొదలు అదే అతని చిరునామా అయింది.

మొదటి బేస్ కాపరి పని చూడడానికి అల్పంగా తోస్తుంది. ఒక పాదం బేస్‌కు ఆనించి, తక్కినవారు విసిరిన బంతులను అందుకోవడం. పైకి పోయినది, పక్కకు పోయినది, నేలను తాకి ఎగిసినది, అన్నీ అతడే సరిదిద్దుకోవాలి. ఇతరుల పొరపాట్లను రోజూ కప్పిపుచ్చే ఉద్యోగమది. బక్నర్ తనంత తాను పరుగున బేస్ చేరలేక, బంతిని పిచర్‌కు అందించి ఔట్ చేయించేవాడు. ఆ విధంగా 1985లో 184 అసిస్టులతో మొదటి బేస్ కాపరులలో అప్పటి రికార్డు నెలకొల్పాడు. అవిటితనం నుంచి పుట్టిన రికార్డు!

బ్యాటు పట్టినప్పటి సంగతి వేరే చెప్పాలి. 1980లో .324 సగటుతో నేషనల్ లీగ్ బ్యాటింగ్ కిరీటం. 1969 నుంచి 1990 దాకా 2,715 హిట్లు. పదివేలకు పైగా పర్యాయాలు బ్యాటుతో నిలిస్తే స్ట్రైకౌట్ అయినది 453 సార్లు మాత్రమే. ఒకే ఆటలో మూడుసార్లు అలా అయిన రోజు అతని జీవితంలో లేదు. 1986లోనే, మంచుగడ్డలతో మడమలు చల్లార్చుకుంటూ, 102 పరుగులు తెప్పించాడు. ఆధిక్యంలో ఉన్నప్పుడు చివరి ఇన్నింగ్‌లలో అతని స్థానంలో స్టేపుల్టన్‌ను దింపడం మేనేజర్ మెక్‌నమారాకు ఆ పోటీలలో అలవాటే. ఆ రాత్రి దింపలేదు. విజయ క్షణంలో పాత కాపు మైదానంలో ఉండాలనుకున్నాడని కొందరన్నారు, ఆయన కాదన్నాడు. ఏమైనా నిర్ణయం బక్నర్‌ది కాదు.

మనవాళ్ళకు ఇది కొత్త కాదు. అదే 1986 ఏప్రిల్‌లో షార్జాలో చేతన్ శర్మ వేసిన చివరి బంతిని మియాందాద్ సిక్సర్ కొట్టాడు. మరుసటి ఏడాది నాగపూర్‌లో ప్రపంచ కప్ చరిత్రలోనే మొదటి హ్యాట్రిక్ తీసినా శర్మ అనగానే గుర్తుకొచ్చేది ఆ సిక్సరే. అయితే ఒక భేదం ఉంది. బోస్టన్‌కు 1918 తరువాత గెలుపు లేదు, రూత్‌ను అమ్ముకున్న పాపమే శాపమై కొట్టిందని ఒక కథ ప్రచారంలో ఉండేది. శాపానికి కనబడే మనిషి ఒకడు కావాలి. ముగ్గురు పిచర్ల వైఫల్యం కెమెరాలో ఒక్క చట్రంలో ఇమడదు, కాళ్ళ సందున దూరిన బంతి ఇముడుతుంది.

బెదిరింపులు, ఎగతాళి భరించలేక అతడు కుటుంబంతో ఐడహోకు వెళ్ళిపోయాడు. ఆ బంతిని మాత్రం 1992లో నటుడు చార్లీ షీన్ వేలంలో తొంభై వేల డాలర్లకు పైగా పెట్టి కొన్నాడు. 2004లో బోస్టన్ గెలిచింది, 2007లో మళ్ళీ గెలిచింది. ఆ తరువాతే, 2008 ఏప్రిల్ 8న, ఫెన్‌వే పార్క్‌లో తొలి బంతి విసరమని అతన్ని పిలిచారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బోస్టన్ అతన్ని క్షమించిందని పత్రికలు మురిసిపోయాయి. క్షమించడానికి అతడు చేసిన నేరమేమిటో నాకు ఇప్పటికీ బోధపడదు. నిజానికి 1990లో అతడు తిరిగి ఆ జట్టులో చేరిన రోజునే ప్రేక్షకులు అలాగే లేచి నిలబడ్డారు. తాను క్షమించవలసి వచ్చినది అభిమానులను అంతగా కాదు, తన కుటుంబాన్ని వేధించిన మీడియానే అన్న అర్థంలో బక్నరే ఆ రోజు చెప్పాడు.

2019 మే 27న, అరవై తొమ్మిదవ ఏట, మతిమరుపు వ్యాధితో బక్నర్ కన్నుమూశాడు. నేను చదివిన సంతాప వార్తలన్నిటా మొదటి వాక్యంలోనే ఆ బంతి దొర్లింది. 2,715 హిట్ల కోసం కిందికి వెతుక్కోవలసివచ్చింది.