కొత్త మందులో వాడకు వాటా ఏది?

క్యాన్సరని తేలంగనే మన వాడల్లో రెండే మాటలు వినపడతయి. ఒకటి ‘పైసలెక్కడివి?’. రెండోది ‘ముదిరింది, ఇంటికి తోల్కపోండ్రి’. ముదిరిన క్యాన్సర్లలో కొన్నింటికి ఇయ్యాల ఒక కొత్త దారి పడ్డది. అది పెద్దాసుపత్రుల ముచ్చట అని మనం ఊరుకోవద్దు.

మన ఒంట్లో రోగాన్ని పట్టే కావలోళ్ళున్నరు. అవి నెత్తుట్లోని తెల్ల కణాలు. క్యాన్సర్ గడ్డ ఆ కావలోళ్ళ చేతులు కట్టేస్తది. ఆ కట్లు విప్పే మందే ఇమ్యూనోథెరపీ. దీనికి బాట వేసిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. రేడియేషన్‌ను మనోళ్ళు ‘కరెంటు పెట్టుడు’ అంటరు. అది గురిచూసి గడ్డను కొడ్తది. చితికిన గడ్డను చూసి కావలోళ్ళు దొంగను గుర్తుపడ్తరు. రెండూ కలపడం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

గర్భసంచి మూతి క్యాన్సర్ ముదిరిన 1060 మంది ఆడవాళ్ళ మీద పలు దేశాల్లో పరీక్ష జరిగింది. కరెంటు, కీమో మాత్రమే ఇస్తే మూడేళ్ళకు 100 మందిలో దాదాపు 75 మంది బతికున్నరు. ఈ మందు కూడా కలిపితే 83 మంది. ఈ ఫలితాలు 2024లో అచ్చయినయి. అయితే అన్నిటికీ ఇదే మంత్రం కాదు. తల, మెడ క్యాన్సర్లలో ఇట్లాంటి ఇంకో మందును కరెంటుతో కలిపి చూస్తే లాభం లేదని 2021లో తేలింది. అందుకే ఎవరో చెప్పిన మాటకు ఉన్న ఎకరం అమ్ముకోవద్దు.

మరి అడ్డం ఎక్కడున్నది? కరెంటు వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు పెట్టాలె. నడుమ ఆగితే ఫలితం తగ్గుతది. నడిగడ్డ సీడుపత్తి చేన్లల్ల కూలికి పోయే అక్క అన్ని దినాలు హైదరాబాదుల ఎక్కడుంటది? ఏం తింటది? ఆమె కూలి ఎవరిస్తరు? ఇమ్యూనోథెరపీ మందు ధర లక్షల్లో. రోగానికి కులం లేదంటరు. వైద్యానికి ఉన్నది!

ధర తగ్గించే తొవ్వ కూడా ఉన్నది. ముంబై టాటా ఆసుపత్రి డాక్టర్లు ముదిరిన తల, మెడ క్యాన్సర్లకు మామూలుగా ఇచ్చే 240 మిల్లీగ్రాముల మందుకు బదులు 20 మిల్లీగ్రాములే, నోటి మాత్రలతో కలిపి ఇచ్చిన్రు. ఏడాదికి బతికున్నోళ్ళు 100కు 16 నుంచి 43కు పెరిగిన్రని 2022లో అచ్చేసిన్రు. ఇందులో కరెంటు లేదు. కానీ పేదోడికి సరిపడే మోతాదు వెతకొచ్చని రుజువైంది.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన ఉమ్మడి పాలమూరు ఒకటి. 2023 డిసెంబర్‌లో దాని హద్దు 10 లక్షలకు పెరిగింది. ఇగ మన డిమాండ్లు ఇవి: పనిచేస్తదని తేలిన క్యాన్సర్లకు ఈ మందు ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో, ఆరోగ్యశ్రీలో పేదలకు అందాలె. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల సర్కారు మెడికల్ కాలేజీల్లో ఒక్కదాన్లోనన్న కరెంటు మిషన్ నడవాలె. వైద్యం నడిచినన్ని దినాలు బస, బస్సుచార్జీ, కూలి నష్టం 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి నుంచి ఇయ్యాలె.

ఇది బిచ్చం గాదు. సమయానికి వైద్యం అందియ్యకపోతే బతికే హక్కును కాలరాసినట్టేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసినోళ్ళల్ల బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘమున్నది. కూలోళ్ళే!

కార్యకర్తలారా, వాడవాడకు పోండ్రి. ఆగని తెల్లబట్ట, నెలసరి ఆగినంక నెత్తురు, మానని నోటిపుండు ఉన్నోళ్ళను ఇప్పుడే పరీక్షకు తోల్కపోండ్రి. వైద్యం నడుమల ఆపినోళ్ళ లెక్క రాసి కలెక్టర్ ముందర పెట్టుండ్రి. చెరువు నీళ్ళు అందరివని 1927లో మహద్‌ల బాబాసాహెబ్ నడిచి చూపిండు. మందు కూడా అందరిదే.